మూటలు, మూసలు: పైతాన్ ప్యాకేజీల నిర్మాణ చరిత్ర

నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున ఉన్న ఆళ్లగడ్డ రాతిశిల్పమునకు పేరుగన్న ఊరు. ఇచ్చటి శిల్పశాలలలో తయారైన దేవతామూర్తులు అనేక ఆలయములలో నెలకొని ఉన్నవి. ఈ చెక్కడపు పనికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఇక్కడి శిల్పి అడుగు ఎత్తు విగ్రహమును చెక్కగలడు, నిలువెత్తు విగ్రహమును చెక్కగలడు. రెండింటిలోను ముఖమునకు, మొండెమునకు, చేతులకు ఉండవలసిన పొందిక ఒకే తీరున కుదురును. ఇది ఎట్లు సాధ్యమగుచున్నది?

శిల్పశాస్త్రములోని తాళమానమే దీనికి ఆధారము. "చేయి ఇన్ని సెంటీమీటర్లు, కాలు ఇన్ని సెంటీమీటర్లు" అను పట్టికతో శిల్పి పని మొదలుపెట్టడు. ముందుగా విగ్రహపు మొత్తము ఎత్తును నిర్ణయించుకొని, ఉత్తమ దశతాళ పద్ధతియైనచో దానిని 124 సమభాగములుగ విభజించును. ఒక్కొక్క భాగమునకు దేహాంగుళమని పేరు. విగ్రహపు ఎత్తు 124 సెంటీమీటర్లు అయినచో దేహాంగుళము ఒక సెంటీమీటరు. 62 సెంటీమీటర్లు అయినచో అర సెంటీమీటరు. 248 సెంటీమీటర్లు అయినచో రెండు సెంటీమీటర్లు. అవయవముల కొలతలన్నియు ఈ దేహాంగుళములలోనే చెప్పబడినవి. కావున విగ్రహము పెరిగినను తరిగినను సూత్రము మారదు.

నంద్యాల చుట్టుప్రక్కల నవనందుల ఆలయములు కలవు. ఆళ్లగడ్డకు సమీపమున గల అహోబిలములో నవనారసింహులు కలరు. దైవ మొక్కటియే, రూపములు తొమ్మిది. రూపమునకును రూపమునకును మధ్య మారునది కొంత, మారనిది కొంత. మారనిదానిని ఒక్కచోట వ్రాసి ఉంచి, మారుదానికి మాత్రము ఖాళీ విడిచినచో అది మూస అగును. "ఒకే మూసలో పోసినట్లున్నారు" అని తెలుగువారు అన్నదమ్ములను గూర్చి అనుట అందరును ఎరిగినదే.

కంప్యూటరు ప్రోగ్రాములను కూర్చు పనిలో ఈ మూస ప్రవేశించుటకు సుమారు అర్ధశతాబ్దము పట్టినది. అది ఎట్లు వచ్చినది, పైతాన్ అను భాషకు అది ఎందుకు అత్యవసరమైనది, అది దేనిని కాపాడగలదు, దేనిని కాపాడలేదు అను విషయములు తెలిసికొనదగినవి.

కాగితపు టేపుల బీరువా

1949 మే 6వ తేదీన ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్‌సాక్ అను కంప్యూటరు తన మొదటి ప్రోగ్రామును నడిపెను. మారిస్ విల్క్స్ దాని నిర్మాణమునకు నాయకుడు. ఆ యంత్రమునకు ఇచ్చు ఆదేశములను కాగితపు టేపుమీద రంధ్రములుగ పొడిచెడివారు. వర్గమూలము కనుగొనుట, సైన్ విలువను లెక్కించుట, ఫలితమును అచ్చువేయుట వంటి పనులు దాదాపు ప్రతి ప్రోగ్రాములోను అవసరమయ్యెడివి. ప్రతివాడును వానిని తిరిగి వ్రాయుచున్నచో కాలము వ్యర్థమగుటయే కాక, ప్రతివాడును క్రొత్త తప్పులు చేయును. కావున ఒకమారు వ్రాసి పరీక్షించిన భాగములను టేపులపై ఉంచి, వానిని ఒక ఉక్కు బీరువాలో భద్రపరచిరి. ఉపప్రోగ్రాముల గ్రంథాలయము అట్లు ఆరంభమయ్యెను.

ఇందులో ఒక చిక్కు ఉండెను. యంత్రపు స్మృతిలో ప్రతి గడికిని ఒక సంఖ్య ఉండును. 100వ గడి నుండి ఉండునట్లు వ్రాసిన భాగమును 300వ గడి నుండి ఉంచినచో దానిలోని చిరునామాలన్నియు తప్పిపోవును. డేవిడ్ వీలర్ ఈ చిక్కును విడదీసెను. ఉపప్రోగ్రాములోని చిరునామాలను దాని మొదటి గడి నుండి లెక్కించి వ్రాయుదురు. టేపును యంత్రములోనికి ఎక్కించునపుడు అసలు చిరునామాలు తమంతట తాము సరిపోవును. తాళమానములో కొలతలను విగ్రహపు ఎత్తును బట్టి చెప్పుటయు, ఇచ్చట చిరునామాలను ఆరంభస్థానమును బట్టి చెప్పుటయు ఒకే ఆలోచన. 1951లో విల్క్స్, వీలర్, స్టాన్లీ గిల్ కలిసి ఈ పద్ధతులను వివరించు గ్రంథమును ప్రకటించిరి. ప్రోగ్రాము రచనపై వెలువడిన తొలి పాఠ్యగ్రంథములలో అది యొకటి.

మరల వాడుకొనదగిన భాగము ఇట్లు లభించెను. కాని ఆ భాగములను కూర్చు పని మాత్రము చాలకాలము మనుష్యుల చేతిలోనే ఉండెను.

ఏది మారినది, ఏది మరల చేయవలెను?

1970 తరువాతి కాలమున ఒక ప్రోగ్రాము పదుల కొలది ఫైళ్లుగ పెరిగెను. మనుష్యుడు వ్రాయు రూపమునకు మూలపాఠమని పేరు. దానిని యంత్రము నడుపగల రూపమునకు మార్చు సాధనము కంపైలరు. ఒక ఫైలును సవరించినపుడు దానిని మరల కంపైలు చేయవలెను. దానిపై ఆధారపడిన వానిని కూడ చేయవలెను. తక్కిన వానిని ముట్టనక్కరలేదు. ఈ లెక్క మనుష్యుడు జ్ఞాపకముంచుకొనవలసి వచ్చినపుడు పొరపాట్లు తప్పవు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఒక ఉద్యోగి తప్పును సవరించి కూడ, సవరించిన ఫైలును మరల కంపైలు చేయక, తప్పు ఇంకను ఎందుకు ఉన్నదో తెలియక ఒక ఉదయమంతయు వెదకెను. ఈ అనుభవమును విన్న స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో "మేక్" అను సాధనమును వ్రాసెను.

మేక్ పద్ధతిని వంటయింటి ఉదాహరణముతో సులభముగ గ్రహింపవచ్చును. పులిహోరకు అన్నము, చింతపండు పులుసు, పోపు కావలెను. పులుసు పాడైనచో దానిని మాత్రము మరల కాచి కలిపిన చాలును. బియ్యము మరల కడుగనక్కరలేదు. మేక్ చదువు పట్టికలో ఏ వస్తువు ఏ వస్తువులపై ఆధారపడునో, దానిని ఏ ఆదేశముతో చేయవలెనో వ్రాసి ఉండును. ఫైళ్లు సవరింపబడిన వేళలను పోల్చిచూచి, అవసరమైన పనులను మాత్రమే మేక్ చేయించును. నేటి నిర్మాణ వ్యవస్థలన్నియు ఏదో యొక విధముగ ఈ ఆలోచనకు వారసులు.

మూట కట్టుట

మేక్ ఒక ప్రోగ్రామును నిర్మించుటకు చాలును. ఆపరేటింగ్ సిస్టమునందు వేలకొలది ప్రోగ్రాములు ఉండును. వానిలో ఒక్కొక్కటి ఒక్కొక్కరు, ఒక్కొక్క దేశమున, తమకు తోచిన పద్ధతిలో వ్రాసినవి. వానినన్నిటిని ఒకే యంత్రములో ఇముడునట్లు చేయువారు ఒక్కొక్క ప్రోగ్రామును ఒక మూటగ కట్టుదురు. దీనికే ప్యాకేజీ అని పేరు. మూటలో ప్రోగ్రాముతో పాటు దాని పేరు, వెర్షను, అది నడచుటకు ముందుగా ఉండవలసిన ఇతర మూటల జాబితా ఉండును.

మూట కట్టు పనిలో ముఖ్యమైన మెట్లు ఇవి: మూలపాఠమును తెచ్చుట, అది చెడక వచ్చినదా అని సరిచూచుట, విప్పుట, అవసరమైన చిన్న సవరణలు చేయుట, యంత్రమునకు తగినట్లు అమర్చుట, కంపైలు చేయుట, పరీక్షించుట, ఒక తాత్కాలిక స్థలములో స్థాపించుట, ఆ స్థలములో ఉన్నదానిని మూటగ కట్టుట. నూరు ప్రోగ్రాములకు ఈ మెట్లను నూరుమార్లు వ్రాసినచో తొంబదిమార్లు ఒకే విషయమును వ్రాసినట్లగును.

1994లో ఫ్రీబీఎస్‌డీ అను ఆపరేటింగ్ సిస్టమునకు జోర్డన్ హబ్బర్డ్ "పోర్ట్స్" అను సంకలనమును ఆరంభించెను. ఈ మెట్లన్నిటిని ఒక ఉమ్మడి మేక్ ఫైలులో ఒక్కమారే వ్రాసిరి. ఒక్కొక్క ప్రోగ్రామునకు ఒక చిన్న చీటీ చాలును: పేరు, వెర్షను, లభించు చోటు, చివరి పంక్తిలో ఉమ్మడి ఫైలును పిలుచు ఆదేశము. మూస అనగా ఈ ఉమ్మడి ఫైలే. చీటీ అనగా మూసలోని ఖాళీలను నింపు పత్రము.

1993లో ఇయాన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్ వ్యవస్థ వేరొక దారిన అదే చోటికి చేరెను. మొదట డెబియన్‌లో ప్రతి ప్యాకేజీకిని పెద్ద నిర్మాణ ఫైలు ఉండెడిది. 1997లో జోయీ హెస్ "డెబ్‌హెల్పర్" అను సాధనములను వ్రాసి, తరచుగా వచ్చు పనులను చిన్న ఆదేశములుగ విడదీసెను. 2008లో ఆ ఆదేశముల వరుసను కూడ మూసలోనికే చేర్చుటతో, సాధారణమైన ప్యాకేజీకి నిర్మాణ ఫైలు మూడు పంక్తులకు దిగెను. పంక్తులు తగ్గుట ఇందులో ముఖ్యము కాదు. చీటీలో ఒక పంక్తి ఉన్నచో ఆ ప్యాకేజీలో ఏదో విశేషమున్నదని చదువరికి వెంటనే తెలియును. మునుపు ఆ విశేషము వంద సామాన్యమైన పంక్తుల నడుమ మరుగుపడి ఉండెడిది.

పైతాన్ రాక

హాలండులోని ఆమ్‌స్టర్‌డామ్ నగరమున గణిత, కంప్యూటరు పరిశోధనాలయములో పనిచేయుచుండిన గ్విడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో పైతాన్ భాషను ఆరంభించి, 1991లో ప్రజలకు విడుదల చేసెను. చదువుటకు తేలికగా ఉండుటచేత అది త్వరగా వ్యాపించెను. నేడు నంద్యాలలోని ఇంజనీరింగు కళాశాలలలో విద్యార్థులు ప్రోగ్రాము రచనలో తరచుగ అభ్యసించు భాషలలో అది యొకటి.

భాష వ్యాపించిన కొలదియు అందులో వ్రాసిన భాగములను ఒకరికొకరు పంచుకొను మార్గము కావలసి వచ్చెను. 2000 సంవత్సరమున గ్రెగ్ వార్డ్ రూపొందించిన "డిస్ట్‌యుటిల్స్" పైతాన్‌తో కలిసి వెలువడెను. 2003లో ప్యాకేజీల జాబితాగ పైపీఐ ఏర్పడెను. 2004లో ఫిలిప్ ఈబీ "సెటప్‌టూల్స్"ను, 2008లో ఇయాన్ బికింగ్ "పిప్"ను వెలువరించిరి. నేడు పైపీఐలో 5 లక్షలకు పైగా ప్రాజెక్టులు నమోదై ఉన్నవి. విద్యార్థి పిప్‌కు ఒక్క పంక్తి ఆదేశమిచ్చినచో కావలసిన ప్యాకేజీయు, దానికి కావలసినవియు, వానికి కావలసినవియు వరుసగ దిగివచ్చును.

ఇంత సులభమైన సాధనము ఉండగ ఆపరేటింగ్ సిస్టమును కూర్చువారికి వేరొక మూస ఎందుకని అడుగవచ్చును. దీనికి మూడు కారణములు కలవు.

మొదటిది: ఒకే మూలపాఠము నుండి ఎప్పుడు నిర్మించినను ఒకే ఫలితము రావలెను. పిప్ ఆనాడు పైపీఐలో ఉన్న వెర్షనును తెచ్చును. రేపు వేరొకటి రావచ్చును. కావున అనేక నిర్మాణ వ్యవస్థలు మూలపాఠమును తెచ్చుకొన్న పిమ్మట ఇంటర్నెట్టును మూసివేసి నిర్మాణము సాగించును.

రెండవది: నిర్మించు యంత్రమును, నడుపు యంత్రమును వేరు కావచ్చును. ఒక రౌటరులోనో, విద్యుత్ మీటరులోనో ఉండు చిన్న ప్రాసెసరుకు కావలసిన ప్రోగ్రామును పెద్ద కంప్యూటరుపై కంపైలు చేయవలెను. పైతాన్ ప్యాకేజీలన్నియు కేవలము పైతాన్‌లో వ్రాసినవి కావు. లెక్కలకు ప్రసిద్ధమైన నంపైలో సీ భాషలో వ్రాసిన భాగము చాల కలదు. అట్టివానికి సరియైన కంపైలరును చూపవలెను. నిర్మాణమును నడిపించు పైతాన్ ఒకటి, ప్యాకేజీ చేరవలసిన పైతాన్ మరియొకటి. ఈ రెండింటిని కలగాపులగము కానీయరాదు.

మూడవది: ఏ ఫైలు ఏ మూటలోనిదో వ్యవస్థకు లెక్క తెలియవలెను. వ్యవస్థ స్థాపించిన ఫైళ్ల మధ్యకు పిప్ వచ్చి వేరొక వెర్షనును ఉంచినచో ఆ లెక్క చెడును. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. 2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12 మొదలు, వ్యవస్థకు చెందిన పైతాన్‌లో నేరుగ స్థాపించుటకు పిప్ నిరాకరించుచున్నది. ఆ నిరాకరణను చూచి కంగారుపడు విద్యార్థులు దాని ఉద్దేశమును గ్రహింపవలెను. తమ ప్రయోగములకు వేరుగ ఒక గదిని, అనగా వర్చువల్ ఎన్విరాన్‌మెంటును, ఏర్పరచుకొని అందులో పిప్‌ను స్వేచ్ఛగ వాడుకొనవచ్చును.

విత్తు ముందా, చెట్టు ముందా?

పైతాన్‌కు మూస పోయుట కొంతకాలము కష్టముగ ఉండెను. దీనికి కారణము డిస్ట్‌యుటిల్స్ నాటి ఏర్పాటే. ప్రతి ప్యాకేజీతోను "సెటప్" అను ఫైలు వచ్చెడిది. అది ఒక జాబితా కాదు. అదియే ఒక పైతాన్ ప్రోగ్రాము. ప్యాకేజీకి ఏమేమి కావలెనో తెలిసికొనవలెనన్నచో ఆ ప్రోగ్రామును నడుపవలెను. కాని అది నడచుటకే ఏదో యొక ప్యాకేజీ ముందుగా కావలసి ఉండవచ్చును. ఏమి కావలెనో తెలియుటకు నడుపవలెను. నడుపుటకు కావలసినది ముందే ఉండవలెను. విత్తు ముందా, చెట్టు ముందా అన్నట్లు ఈ చిక్కు సుమారు పదునైదు సంవత్సరములు వెంటాడెను. ప్రమాదము కూడ లేకపోలేదు. స్థాపించునపుడే నడచు ప్రోగ్రాము గనుక, దుర్బుద్ధి గలవాడు అందులో ఏ ఆదేశమునైనను దాచవచ్చును. అట్లు దాచిన ప్యాకేజీలు పైపీఐలో పలుమార్లు పట్టుబడినవి.

పరిష్కారము మూడు మెట్లుగ వచ్చెను. 2013లో అంగీకరింపబడిన "వీల్" అను రూపము మొదటిది. వీల్ ఫైలు నిర్మాణము పూర్తియైన మూట. దానిని విప్పి తగిన స్థలములలో ఉంచుటయే స్థాపన. అందులో ప్యాకేజీకి చెందిన ప్రోగ్రాము ఏదియు నడువదు. రెండవది 2016 నాటి 518వ ప్రతిపాదన. నిర్మాణమునకు ముందుగా ఏమి కావలెనో "పైప్రాజెక్ట్.టామల్" అను సాదా పాఠపు ఫైలులో వ్రాయవలెనని అది నిర్ణయించెను. సాదా పాఠము గనుక నడుపకయే చదువవచ్చును. మూడవది 2015లో ఆరంభమైన 517వ ప్రతిపాదన. నిర్మించు సాధనము ఏదియైనను కావచ్చును. కాని "వీల్‌ను నిర్మింపుము" అను పిలుపునకు అది పలుకవలెను. పిలుచు తీరు ఒక్కటియే. 2019 జనవరిలో వెలువడిన పిప్ 19.0 ఈ పిలుపును అంగీకరించెను.

మూసకు కావలసినది సరిగా ఇదియే. ప్యాకేజీ లోపల సెటప్‌టూల్స్ ఉండనీ, ఫ్లిట్ ఉండనీ, పొయెట్రీ ఉండనీ, బయటినుండి పిలుచు తీరు మారకున్నచో ఉమ్మడి భాగమును ఒక్కమారు వ్రాయుటకు వీలగును.

పైతాన్ మూస చేయు పని

2001లో ఆరంభమైన బిల్డ్‌రూట్ చిన్న యంత్రములలో ఉండు లినక్స్ వ్యవస్థను నిర్మించు సాధనము. అందులో సాధారణ ప్యాకేజీలకు ఒక మూస, కొన్ని ప్రత్యేక రీతులకు వేరువేరు మూసలు, పైతాన్ ప్యాకేజీలకు ఒక మూస కలవు. జెంటూ లినక్స్‌లో ఇట్టి మూసలను ఈ-క్లాసులందురు. వాయిడ్ లినక్స్‌లో చీటీకే టెంప్లేటు అని పేరు. ఉమ్మడి భాగమునకు నిర్మాణ శైలి అని పేరు. పేర్లు వేరైనను పని యొకటే.

ఊహకు ఒక ప్యాకేజీని తీసికొందము. దాని పేరు "గణితమాల" అనుకొన్నచో, దాని చీటీ తెలుగులో సుమారు ఇట్లుండును:

పేరు: గణితమాల
వెర్షను: 1.4
లభించు చోటు: పైపీఐ
సరిచూపు సంఖ్య: (64 అక్షరముల సంకేతము)
నిర్మించు సాధనము: సెటప్‌టూల్స్
ముందుగా కావలసినది: నంపై
మూస: పైతాన్ ప్యాకేజీ

ఈ ఏడు పంక్తులను చదివి మూస తక్కిన పనియంతయు చేయును. పైతాన్‌ను ముందుగా నిర్మింపవలెనని తానే చేర్చుకొనును, చీటీలో వ్రాయనక్కరలేదు. నంపై సిద్ధమగువరకు గణితమాలను ఆపును. మూలపాఠమును తెచ్చి, దాని సరిచూపు సంఖ్యను లెక్కించి, చీటీలోని సంఖ్యతో పోల్చును. ఒక్క అక్షరము తేడా ఉన్నను పని ఆపివేయును. సరియైన కంపైలరును చూపును. వీల్‌ను నిర్మించి, నడుపు యంత్రమునకు చెందిన స్థలములో విప్పును.

ఏదైన ప్యాకేజీకి విశేషమైన అవసరము ఉన్నచో చీటీలో ఆ ఒక్క మెట్టును మాత్రము మార్చి వ్రాయవచ్చును. శిల్పి నారసింహునికి సింహముఖమును అమర్చునపుడు తక్కిన దేహపు కొలతలను విడువడు గదా! మంచి మూసకు లక్షణమిది: సామాన్యమైనదానిని చేయుట అతిసులభము, విశేషమైనదానిని చేయుట సాధ్యము.

2023 నాటి పరీక్ష

మూసయొక్క విలువ పని సాఫీగా సాగునపుడు కన్న, మార్పు వచ్చినపుడు బాగుగ తెలియును. 2023 అక్టోబరు 2న పైతాన్ 3.12 వెలువడినది. 23 సంవత్సరములు పైతాన్‌తో కలిసియుండిన డిస్ట్‌యుటిల్స్ అందులో లేదు. దానిని తొలగింతుమని ముందుగానే ప్రకటించిరి. అయినను లోకమందలి ప్యాకేజీలలో ఎన్నియో ఇంకను పాతపద్ధతిలోనే ఉన్నవి.

ప్రతి ప్యాకేజీకిని నిర్మాణాదేశములను చేతితో వ్రాసికొన్న చోట ఒక్కొక్క ఫైలును తెరచి సవరింపవలసి వచ్చును. మూస ఉన్నచోట రెండు సవరణలు అనేక ప్యాకేజీలను ఒడ్డున పడవేయును: పాత పిలుపునకు బదులు క్రొత్త పిలుపును ఉంచుట, సెటప్‌టూల్స్‌ను ముందుగా కావలసినవానిలో చేర్చుట. సెటప్‌టూల్స్ తనలో డిస్ట్‌యుటిల్స్‌కు ఒక ప్రతిని ఉంచుకొని ఉన్నందున ఇది వీలైనది. అయితే తమ ప్రోగ్రాము నడుచునపుడు కూడ డిస్ట్‌యుటిల్స్‌ను నేరుగ వాడుకొను ప్యాకేజీలను మూస రక్షింపలేదు. వాని మూలపాఠమునే సవరింపవలెను.

2008 డిసెంబరులో పైతాన్ 3 వెలువడినది మొదలు, 2020 జనవరి 1న పైతాన్ 2కు పోషణ ముగియువరకు సాగిన పెద్ద మార్పులోను ఇదే విషయము కనబడినది. ఏ పైతాన్ కొరకు నిర్మింపవలెను, ఏ స్థలములో ఉంచవలెను అనునది మూస చూచుకొనగలదు. ప్రోగ్రాములోని వాక్యములను క్రొత్త భాషకు మార్చుట మాత్రము మనుష్యుల పని. మూస సామాన్యమైన శ్రమను తీసికొని, అసలైన కష్టము ఎచ్చట ఉన్నదో చూపును.

రాతిలోని జీర

ఒక్కచోట సవరించిన చాలునను గుణమునకు రెండవ ముఖము కూడ కలదు. ఒక్కచోట చెడిన చాలును. ఉమ్మడి భాగములో తప్పు చేరినచో దానిని వాడుకొను వేల ప్యాకేజీలలోను అది చేరును.

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు ప్రకటించిన విషయము లోకమును కలవరపరచెను. దూరపు యంత్రములోనికి ప్రవేశించుటకు మామూలు కంటె సుమారు అర సెకను ఎక్కువ పట్టుటను అతడు గమనించి, కారణమును వెదకుచు పోయెను. ఫైళ్లను కుదించుటకు లినక్స్ వ్యవస్థలలో విరివిగ వాడబడు "ఎక్స్‌జెడ్" అను ప్యాకేజీలోని 5.6.0, 5.6.1 వెర్షనులలో దొంగదారి ఒకటి దాచబడి ఉన్నది. దానిని పెట్టినవాడు రెండు సంవత్సరములకు పైగా మంచి సవరణలు పంపుచు నిర్వాహకుల నమ్మకమును సంపాదించినవాడు. దొంగదారిని తెరచు ఆదేశము అందరును చూచు మూలపాఠములో లేదు. విడుదలకై కట్టిన మూటలోని నిర్మాణాదేశములలో మాత్రమే ఉన్నది.

ఇచ్చట సరిచూపు సంఖ్య ఏమియు చేయలేకపోయెను. వచ్చిన మూట ప్రకటించిన మూటయే అని మాత్రము అది చెప్పగలదు. ప్రకటించినది మంచిదా కాదా అని చెప్పలేదు. శిల్పి ఎంత చక్కని తాళమానము ఎరిగినను, ముందుగా రాతిని తట్టి దాని నాదమును వినును. జీర ఉన్న రాయి కొలత తప్పకయే పగులును. మూస కొలతను కాపాడును. రాతిని పరీక్షించుట వేరు పని.

అయినను ఆ పరీక్షకు మూస సాయపడగలదు. నిర్మాణాదేశములు ఎంత పెద్దవిగ, ఎంత చిక్కుగ ఉండునో, వానిలో దాచుటకు అంత చోటు దొరకును. ఎక్స్‌జెడ్‌లోని ఆదేశము పెద్ద నిర్మాణ ఫైళ్ల నడుమనే దాగినది. ప్యాకేజీకి సొంతమైన ఆదేశములు ఏడు పంక్తులకు తగ్గినచో ఆ ఏడింటిని ఎవరైనను చదువగలరు. పైతాన్‌లో సెటప్ ప్రోగ్రామునకు బదులు సాదా పాఠపు ఫైలు వచ్చుట ఈ దృష్టితో చూచినపుడు కేవలము సౌకర్యము కాదు. మూసలోని పంక్తులను మాత్రము అనేకులు, మరల మరల, శ్రద్ధతో చదువుచుండవలెను. అందరి బరువును మోయునది గనుక అందరి కన్నును దానిపై ఉండవలెను.

తెలుగువారి మూటలు

ఈ విషయము తెలుగువారికి దూరమైనది కాదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన అను తెలుగు ఫాంట్లు డెబియన్‌లో ప్యాకేజీగ చేరి ఉన్నవి. అమెరికాలో ఉన్నవాడును, ఆళ్లగడ్డలో ఉన్నవాడును ఒకే ఆదేశముతో వానిని తెచ్చుకొనవచ్చును. హైదరాబాదు కేంద్రముగ స్వేచ్ఛ అను సంస్థ డెబియన్ ఆధారముగ తెలుగు ఆపరేటింగ్ సిస్టమును వెలువరించినది. వేల ప్యాకేజీలను తాము మొదటినుండి కట్టవలసి ఉన్నచో ఇట్టి ప్రయత్నము కొలదిమందికి సాధ్యము కాదు. మారని భాగము ముందే సిద్ధముగ ఉండుటచేతనే, తమకు విశేషమైన తెలుగు భాగముపై వారు తమ శ్రమను ఉంచగలిగిరి.

ఉన్నత పాఠశాలలో దీనిని బోధించుటకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. కంప్యూటరు లేకున్నను, విద్యార్థులచేత ఐదు వంటకములకు వేరువేరుగ పద్ధతులు వ్రాయించి, అన్నిటికిని సమానమైన మెట్లను ఒక కాగితముపైకి ఎత్తించి, మిగిలినదానిని చీటీలుగ ఉంచుమనవచ్చును. తరువాత ఉమ్మడి కాగితములో ఒక తప్పును పెట్టి, అది ఎన్ని వంటకములను పాడుచేయునో లెక్కింపుమనవచ్చును. కంప్యూటరు ఉన్నచోట, పిప్ ఆదేశమిచ్చునపుడు తెరమీద పరుగెత్తు పేర్లను వదలివేయక, ఏ ప్యాకేజీ ఎవరికొరకు వచ్చినదో ఒక చెట్టువలె గీయింపవచ్చును.

ఆ చెట్టులోని ప్రతి ఆకును ఎవరో వ్రాసినదే, ఎవరో మూటకట్టినదే. బీరువాలోని కాగితపు టేపు నుండి ఏడు పంక్తుల చీటీ వరకు జరిగిన మార్పుతో, ఒకరు పరీక్షించి చూచినది ఎందరికో అందుటకు వీలు కలిగినది. అందిన మూటను విప్పిచూచి, అందులో ఉన్నది సరియైనదేనా అని అడుగువారు కూడ ఎక్కువగుచుండవలెను. ఎక్స్‌జెడ్ విషయమున అర సెకను ఆలస్యమును చూచి ఊరకుండని ఒక్క మనుష్యుడు అట్లు అడిగినందుననే ఆ దొంగదారి బయటపడినది.